‘పిక్ అప్’కు ఎన్ని తెలుగు మాటలు? – సరిహద్దు తాలూకాల నుంచి ఒక పరిశీలన

కొన్నాళ్ళ క్రితం బాగేపల్లి తాలూకాలోని ఒక కన్నడ మాధ్యమ పాఠశాలలో ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పాఠం వింటూ వెనక బల్లమీద కూర్చున్నాను. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ‘ద బస్ పిక్డ్ అప్ ద చిల్డ్రన్ ఎట్ ద బ్రిడ్జ్’ అనే వాక్యం రాసి కన్నడంలోకి మార్చమన్నారు. ఒక పిల్లవాడు లేచి ‘బస్సు సేతువె హత్తిర మక్కళన్ను ఎత్తికొండు హోయితు’ అని చదివాడు. తరగతి అంతా ఘొల్లుమంది. పిల్లల్ని ఎత్తుకొనిపోయేది దొంగ గాని బస్సు కాదు గదా! పిల్లవాడు తల దించుకొని కూర్చున్నాడు. అతని చేతిలో ఉన్న గైడులో ‘పిక్ అప్’ ఎదురుగా ‘ఎత్తికొళ్ళు’ అనే ఒక్క అర్థమే ఉంది. ఆ అర్థాన్నే అతడు నమ్ముకొన్నాడు.

గంట కొట్టిన తరవాత అతణ్ణి పిలిచి తెలుగులోనే అడిగాను. “ఏమప్పా, మీ ఊరి వంతెన కాడ బస్సు నిలిచి మిమ్మల్ని తీసుకొనిపోతే ఇంట్లో ఏమని చెప్తావు?” అతడు తడుముకోకుండా “బస్సు మమ్మల్ని ఎక్కించుకోని పోయె అంటా సార్” అన్నాడు. సరైన మాట అతని నోట్లోనే ఉంది. కన్నడంలో ‘హత్తిసికొండితు’ అన్నదీ అతనికి తెలుసు. ఇంగ్లీషు వాక్యం నుంచి ఆ మాట దగ్గరకు వెళ్ళే దారి మాత్రం ఎవరూ చూపలేదు.

ఈ వ్యాసంలో ఆ దారి ఎటువంటిదో చూడటం నా ఉద్దేశం. ‘పిక్ అప్’ అనే ఒక్క ఇంగ్లీషు క్రియను తీసుకొని, దానికి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగులో ఉన్న సమానార్థకాలను పరిశీలిస్తాను. ఇంగ్లీషు క్రియ స్వభావం తెలుసుకొనే క్రమంలో మన క్రియల స్వభావం కూడా కొంత తేటపడుతుంది.

1. రెండు మాటల క్రియ

ఇంగ్లీషులో ఒక క్రియాపదం, దాని వెంట ‘అప్, ఆఫ్, ఔట్, డౌన్’ వంటి ఒక చిన్న మాట కలిసి ఒకే క్రియగా పనిచేయడం చాలా ఎక్కువ. 1755లో తన నిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్, ఈ రకం కలయికలే విదేశీయులకు అన్నింటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తాయని దాని పీఠికలోనే గుర్తించాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన పుస్తకం ద్వారా వ్యాప్తిలోకి తెచ్చాడు. మనం వీటిని పదబంధ క్రియలు అనవచ్చు.

‘పిక్’ అంటే పొడవడం, గిల్లడం, కోయడం, ఎంచడం. ‘అప్’ అంటే పైకి. నేలమీద ఉన్నదాన్ని వేళ్ళతో పట్టి పైకి తీయడం ఈ కలయికకు మూలార్థం. మిగిలిన అర్థాలన్నీ ఇక్కడినుంచి పాకినవే. పైకి రావడం నుంచి చేతికి రావడం, చేతికి రావడం నుంచి సొంతం కావడం, ‘పైకి’ అన్న భావం నుంచే పెరగడం, హెచ్చడం వచ్చాయి. ఈ మూడు మెట్లు గుర్తుంచుకొంటే నిఘంటువులో కనిపించే పొడుగాటి జాబితాకు భయపడనక్కర లేదు.

పదాల వరసలో ఒక నియమం ఉంది. ‘పిక్ అప్ ద బుక్’ అనవచ్చు, ‘పిక్ ద బుక్ అప్’ అనీ అనవచ్చు. కాని కర్మ సర్వనామమైతే రెంటికీ మధ్యనే రావాలి. ‘పిక్ ఇట్ అప్’ సాధువు, ‘పిక్ అప్ ఇట్’ అసాధువు. మన పిల్లలు తరచుగా చేసే తప్పు ఇది. తెలుగులో గాని కన్నడంలో గాని క్రియను రెండుగా విడదీసి నడుమ కర్మను ఇరికించే అలవాటు లేదు గనుక ఈ తప్పు సహజం. దీన్ని అజాగ్రత్త అనడం న్యాయం కాదు.

2. అర్థాలు – మన మాటలు

(అ) చేతితో తీయడం. ఇంగ్లీషుకు ఒక్క మాట చాలిన చోట తెలుగుకు కనీసం మూడు కావాలి. కింద పడిన కలం ఒక్కటైతే ‘తీసుకొంటాం’. చేనులో మిగిలిపోయిన చెనిక్కాయలు, చింతచెట్టు కింద రాలిన కాయలు అయితే ‘ఏరుకొంటాం’. ఏడుస్తున్న బిడ్డను ‘ఎత్తుకొంటాం’. ఒకటా, అనేకమా, చేతిలోకా, చంకలోకా అన్న భేదం మన క్రియలోనే ఉంది.

టెలిఫోను విషయంలో మాత్రం రెండు భాషలూ కలిశాయి. ఇంగ్లీషువారు ఫోన్‌ను ‘పిక్ అప్’ చేస్తారు, మనం ‘ఎత్తుతాం’. పాత ఫోన్‌లో రిసీవరును నిజంగానే పైకి ఎత్తవలసి ఉండేది. ఇప్పుడు వేలితో తెరను తాకితే చాలు. అయినా ‘ఎంతసేపు చేసినా ఫోన్ ఎత్తలేదు’ అనే అంటున్నాం. వస్తువు మారినా క్రియ నిలిచిపోవడానికి ఇది మంచి ఉదాహరణ.

(ఆ) మనిషిని వెంట తీసుకొని రావడం. వాహనం సంగతి అయితే ‘ఎక్కించుకొను’. స్టేషనుకు వెళ్ళి మామయ్యను తీసుకొని రమ్మంటే కోస్తా జిల్లాల్లో ‘తీసుకురా’ అంటారు. ఈ మూడు తాలూకాల్లోను, పక్కనున్న రాయలసీమలోను ‘పిల్చుకోని రా’ అంటారు. కన్నడంలో ఇదే ‘కరెదుకొండు బా’. ‘కరె’ అంటే పిలుచు. రెండు భాషలూ మనిషిని తేవడానికి ‘పిలుచు’ అనే క్రియనే ఎన్నుకొన్నాయి. వస్తువును తెస్తాం, మనిషిని పిలుచుకొని వస్తాం. ఈ మర్యాద ‘పిక్ అప్’లో లేదు. అది సంచినీ మామయ్యనూ ఒకే విధంగా ఎత్తుతుంది.

(ఇ) దారిలో ఏదైనా తెచ్చుకోవడం. ‘వచ్చేటప్పుడు పాలు తెచ్చుకో’, ‘మందులు తీసుకొని రా’. దీనికోసమే ప్రత్యేకంగా వెళ్ళడం కాదు, పోతూ పోతూ చేసే చిన్న పని అన్న ధ్వని ఇంగ్లీషు క్రియలో ఉంటుంది.

(ఈ) అలవాటు, భాష, జబ్బు. ‘హి పిక్డ్ అప్ కన్నడ’ అంటే పాఠం చెప్పించుకోకుండా, నలుగురితో తిరుగుతూ నేర్చుకొన్నాడని. తెలుగులో దీనికి ‘అబ్బింది’, ‘పట్టుబడింది’, ‘వంటబట్టింది’ అంటాం. ఇంగ్లీషులో మనిషి కర్త, భాష కర్మ. తెలుగులో భాషే కర్త, మనిషి ‘కు’ విభక్తిలో ఉంటాడు. ‘అతనికి కన్నడం అబ్బింది’, ‘నాకు కన్నడం వచ్చు.’ కన్నడంలోనూ ‘ననగె కన్నడ బరుత్తె’ అనే అంటారు. జబ్బు సంగతి మరీ విశేషం. ఇంగ్లీషువాడు జలుబును ‘పిక్ అప్’ చేస్తాడు. మన దగ్గర జలుబే మనిషిని ‘పట్టుకొంటుంది’. దుర్గుణమైతే ‘అంటుకొంటుంది’. ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చే విద్యార్థి ‘నేను జలుబును ఎత్తుకొన్నాను’ అని రాస్తాడు. కర్తను మార్చి చెప్పమని ఒక్కసారి చూపితే ఆ తప్పు మళ్ళీ చేయడు.

(ఉ) పెరగడం, బాగుపడడం. ఇక్కడ ఇంగ్లీషు క్రియకు కర్మ అవసరం లేదు. గాలి ‘పుంజుకొంది’, వాన ‘జోరందుకొంది’, వ్యాపారం ‘పుంజుకొంది’, రోగి ‘కోలుకొన్నాడు’.

(ఊ) అందుకోవడం. రేడియో దూరపు కేంద్రాన్ని ‘అందుకొంటుంది’. నిన్న ఆపిన కథను ఈ రోజు ఆపినచోటనే ‘అందుకొంటాం’. హరికథలో భాగవతారు పల్లవి అంటే వెనకవారు ‘అందుకొంటారు’. ఈ మూడింటికీ ఇంగ్లీషులో ‘పిక్ అప్’ సరిపోతుంది.

(ఎ) మరికొన్ని. నలుగురు తిన్న హోటలు ఖర్చు ఒకరే భరించడం, పోలీసులు ఎవరినైనా పట్టుకొనిపోవడం, ఎదుటివారి మాటలోని సూక్ష్మాన్ని కనిపెట్టడం, అమెరికా ఇంగ్లీషులో గది సర్దడం కూడా ఈ క్రియ పరిధిలోనివే. ముక్కు మొహం తెలియనివారితో సరసానికి దిగడమన్న అర్థమూ ఒకటి ఉంది. ఆ అర్థం తెలియకపోతే, సభ్యమనుకొన్న వాక్యం అపహాస్యం పాలవుతుంది.

3. ‘కొను’ చేసే పని

పై జాబితాను మరొకసారి చూడండి. తీసుకొను, ఏరుకొను, ఎత్తుకొను, ఎక్కించుకొను, పిలుచుకొను, తెచ్చుకొను, పట్టుకొను, అంటుకొను, పుంజుకొను, కోలుకొను, అందుకొను. దాదాపు అన్నిటి చివరా ‘కొను’ ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు.

‘కొను’కు స్వతంత్ర క్రియగా తీసుకొను, వెల ఇచ్చి తీసుకొను అని అర్థాలు. మరో క్రియ వెంట చేరినప్పుడు, పని ఫలం చేసినవానికే చెందుతుందని చెబుతుంది. సంప్రదాయ వ్యాకరణం దీన్ని ఆత్మనేపదార్థం అంది. ‘వండింది’ అంటే ఎవరికోసమైనా కావచ్చు, ‘వండుకొంది’ అంటే తనకోసం. కన్నడంలోని ‘కొళ్ళు’, తమిళంలోని ‘కొళ్’ దీని తోబుట్టువులు. తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే ఇంట పుట్టిన పిల్లలకు ‘ఎత్తుకో’, ‘ఎత్తికో’ రెండు వేరు భాషల మాటలని తెలియడానికే కొంతకాలం పడుతుంది.

ఇంగ్లీషు ‘అప్’, మన ‘కొను’ ఒకటే అని నేను అనడం లేదు. ‘అప్’ దిక్కును చెప్పే మాట, ‘కొను’ ఫలభోక్తను చెప్పే మాట. అయినా ‘పిక్ అప్’ అనే చోట రెండూ ఒక కూడలిలో కలుస్తాయి. ‘రాయి ఎత్తాడు’ అంటే ఇంగ్లీషులో ‘లిఫ్ట్’. ‘బిడ్డను ఎత్తుకొన్నాడు’ అంటే ‘పిక్ అప్’. ఎత్తిన తరవాత ఎత్తినవాని దగ్గరే ఉండిపోవడం రెండో దానిలో ఉంది.

దీనికి పరీక్ష కూడా ఉంది. ‘పిక్ అప్ ద కాయిన్’ అంటే ‘నాణెం తీసుకో’. ‘పిక్ అప్ ద లిట్టర్’ అంటే? ‘చెత్త తీసుకో’ అంటే నవ్వుతారు. ‘చెత్త ఎత్తేయి’ అనాలి. నాణెం మన దగ్గర ఉంచుకోవడానికి, చెత్త వదిలించుకోవడానికి. అందుకే ఒకచోట ‘కొను’, మరొకచోట ‘వేయు’. కన్నడంలోనూ ఇక్కడ ‘కొళ్ళు’ పోయి ‘హాకు’ వస్తుంది. ఇంగ్లీషు ఒక్కమాటలో కలిపేసిన రెండింటిని మన భాషలు విడదీస్తున్నాయి.

ఇంకొక పోలిక. ‘కోలుకొను’ నుంచి ‘కొను’ తీసేస్తే మిగిలిన ‘కోలు’కు ఆ అర్థం లేదు. పదబంధ క్రియల్లోనూ ఇంతే. కొన్నింటి అర్థం భాగాలనుబట్టి తెలుస్తుంది, కొన్నింటిని మొత్తంగానే నేర్చుకోవాలి. ఇంగ్లీషు క్రియలు తర్కం లేనివని విసుక్కొనే విద్యార్థికి, అతడు రోజూ ఇటువంటివే అనాయాసంగా వాడుతున్నాడని చూపవచ్చు.

4. ‘పికప్’ మన మాట అయిన తీరు

ఈ క్రియ బడి గోడలు దాటి ఎప్పుడో వీధిలోకి వచ్చింది. చింతామణి మార్కెట్టుకు టమాటాలు మోసే చిన్న సరుకు బండి పేరే ‘పికప్’. ‘పికప్ మాట్లాడినాము, పొద్దున్నే వస్తాది’ అంటారు రైతులు. ఎత్తెక్కలేక ముక్కే మోటారు సైకిలుకు ‘పికప్ లేదు’. పండగ ముందు పూల వ్యాపారం ‘పికప్ అవుతాది’. ఈ మూడింటిలో మొదటిది వస్తువు, రెండోది శక్తి, మూడోది వృద్ధి. ఇంగ్లీషులోనూ ఈ మూడూ ఉన్నవే. అయితే అక్కడ నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. క్రియ అయితే ‘అప్’ మీద కూడా పడుతుంది. మన వాడుకలో ఆ భేదం పోయి ‘పికప్’ ఒకే ముద్దగా నిలిచింది.

ఈ మాట తెలుగు వ్యాకరణంలో ఒదిగిన తీరు గమనించదగ్గది. ‘సాయంత్రం నన్ను పికప్ చేసుకో’ అంటాం. ‘పికప్ చేయి’ అనడం అరుదు. కన్నడంలో ‘పికప్ మాడ్కొ’. అదే దింపమనేటప్పుడు ‘బస్టాండు కాడ డ్రాప్ చేయి’ అంటాం, ‘డ్రాప్ చేసుకో’ అనం. ఎక్కించుకొనేవాడు తన బండిలోకి తీసుకొంటున్నాడు, దింపేవాడు వదిలేస్తున్నాడు. అరువు మాట వచ్చినా, ఆ పని ఎవరికి చెందుతుందో చెప్పే అధికారం ‘కొను’ వదులుకోలేదు. పరభాషా పదాలు వచ్చి తెలుగు చెడిపోయిందని బాధపడేవారు ఈ సంగతి కూడా చూడాలి. పదం వారిదే కావచ్చు, కట్టుబాటు మాత్రం మనది.

భాషలు ఇలా ఒక ఊళ్ళో కలిసి బతికినప్పుడు ఏమవుతుందో భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. మహారాష్ట్రలోని కుప్వాడ్ గ్రామంలో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడేవారి వాడుకను పరిశీలించి గంపర్జ్, విల్సన్ 1971లో ప్రకటించిన వ్యాసం ఇందులో ప్రసిద్ధమైనది. పదాలు వేరువేరుగా ఉన్నా వాక్య నిర్మాణాలు దగ్గరపడడం వారు అక్కడ చూశారు. మన తాలూకాల్లో తెలుగు, కన్నడాలు మొదటినుంచీ దాయాదులే కనుక ఆ దగ్గరితనం ఇంకా ఎక్కువ.

5. ఏరుకొన్న భాష

ఇక అసలు విషయానికి వస్తాను. భాషను ‘పిక్ అప్’ చేయడం అంటే బడి లేకుండా నేర్వడం. ఈ మూడు తాలూకాల్లో ఎంతోమంది పిల్లలకు తెలుగు అటువంటిదే. అమ్మ ఒడిలో, చేనుగట్టు మీద వచ్చిన భాష. చదువు కన్నడంలో, ఆశ ఇంగ్లీషు మీద. తెలుగు మాట్లాడగలిగినా తెలుగు అక్షరాలు రానివారు ఇక్కడ చాలామంది. కైవార తాతయ్యగా పేరొందిన యోగి నారేయణ తెలుగులోను కన్నడంలోను కీర్తనలు చెప్పాడు. ఆయన కైవారం చింతామణి తాలూకాలోనే ఉంది. చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిది తెలుగు కుటుంబం. అంత వెనక నుంచి ఉన్న భాషను నేటి పిల్లవాడు తరగతి గదిలో పలకడానికి సిగ్గుపడుతున్నాడు.

1956లో రాజ్యాంగానికి చేరిన 350ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఇంటి భాషకు ప్రాధాన్యం ఇచ్చింది. 2007లో కోలారు నుంచి విడివడి చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. జిల్లా మారినా ఇంటి భాష మారలేదు. ఇక్కడి పిల్లలు కన్నడం నేర్చుకోవలసిందే, బాగా నేర్చుకోవలసిందే. అది వారి రాష్ట్ర భాష, వారి బతుకు భాష. నేను అడుగుతున్నది కన్నడం స్థానంలో తెలుగు కాదు. ఇంగ్లీషు వాక్యం అర్థం చేసుకొనేటప్పుడు పిల్లవాని నోట ఉన్న తెలుగును కూడా ఒక పనిముట్టుగా వాడనివ్వాలన్నదే. దానికి కొత్త పుస్తకం అక్కరలేదు, ఉత్తర్వూ అక్కరలేదు.

‘పిక్ అప్’ వంటి క్రియ ఎదురైనప్పుడు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఒకటి, ఇక్కడ ఎత్తుతున్నది వస్తువా, మనిషా, లేక కంటికి కనపడనిదా? రెండు, ఎత్తినది ఎత్తినవాని దగ్గర ఉండిపోతుందా, పోతుందా? మూడు, ఇదే సంగతి మీ ఇంట్లో ఎలా చెబుతారు? మొదటి రెండు ప్రశ్నలు అర్థాన్ని ఇరుకు చేస్తాయి, మూడోది మాటను అందిస్తుంది. అది తెలుగులో వస్తే తెలుగులోనే రానివ్వాలి. అక్కడినుంచి కన్నడంలోకి మారడం ఈ పిల్లలకు ఒక్క అడుగు. ‘ఎక్కించుకొను’ నుంచి ‘హత్తిసికొళ్ళు’కు ఉన్న దూరం, గైడులోని ‘ఎత్తికొళ్ళు’ నుంచి సరైన అర్థానికి ఉన్న దూరం కన్నా చాలా తక్కువ.

ఆ రోజు ఆ పిల్లవాని నోటు పుస్తకంలో వాక్యాన్ని అతని చేతనే దిద్దించాను. ముందు తెలుగు వాక్యాన్ని కన్నడ లిపిలో రాసుకొన్నాడు, తరవాత దాని కింద కన్నడ వాక్యం రాశాడు. రెండింటినీ పక్కపక్కన చూసి, “రెండూ ఒకటే మాదిరి ఉండాయి సార్” అన్నాడు. ఒక వాక్యంతోనే అతడు ఇంత గమనించాడు.